రోహిణిని అడిగితే నీళ్ల ట్యాంకు

టెలిస్కోపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల నాలుగు ఉత్తరాలే తీసుకున్నాను. మొదటిదే చోటంతా తినేసింది. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, మాది ఒంగోలు దగ్గర పల్లె, ఉద్యోగం చెన్నైలో, ఇల్లు విల్లివాక్కంలో. 6 అంగుళాల న్యూటోనియన్ టెలిస్కోపు, కంప్యూటర్ హ్యాండ్‌సెట్ ఉన్న ఈక్వటోరియల్ మౌంటు (ధ్రువం వైపు వాల్చిన ఇరుసు మీద టెలిస్కోపును తిప్పే పీఠం) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఫిబ్రవరి 5న రాత్రి 8 గంటలకు మేడ మీద బిగించి, ఎలైన్‌మెంట్‌కి, అంటే తెలిసిన నక్షత్రంతో మౌంటుకు ఆకాశాన్ని గుర్తు చేయడానికి, ఆల్డెబరన్ ఎంచుకున్నాను. మౌంటు గిర్రున తిరిగి పడమటింటి నల్ల ట్యాంకును చూపించి బీప్ కొట్టింది. మర్నాడు మళ్లీ పెడితే జాబితాలో ఆల్డెబరన్ పేరే లేదు. పైన నిక్షేపంగా వెలుగుతోంది! ధ్రువ నక్షత్రం లిఫ్టు గది వెనక ఉంది. పైగా కౌంటర్‌వెయిట్ (గొట్టానికి ఎదురు తూకంగా కడ్డీకి తగిలించే బరువు) స్టాండు కాలికి తగులుతోంది. మోటార్లు పోయాయా, అమ్మినవాడు ముంచాడా? నేను హ్యాండ్‌సెట్‌లో నింపిన వివరాల ఫోటో పంపుతున్నాను. – ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: అమ్మినవాణ్ణి తిట్టకండి బాబూ, మోటార్లు బంగారంలా ఉన్నాయి. మీ ఫోటోలో తేదీ 05/02 అని ఉంది. మనం రోజు ముందు రాస్తాం, ఈ హ్యాండ్‌సెట్లు నెల ముందు అడుగుతాయి. మీరు ఫిబ్రవరి 5 అనుకుని కొట్టింది దానికి మే 2 అయింది.

ఆ తప్పు ఎంతదో లెక్క వేసి చూశాను. ఫిబ్రవరి 5 నుంచి మే 2కి 86 రోజులు. నక్షత్రాలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కదా, 86 రోజులకు అది అయిదు గంటల నలభై నిమిషాల దాకా తేలుతుంది. అంటే ఆకాశం 85 డిగ్రీలు తిరిగిపోయినట్టు. ఆల్డెబరన్ అంటే మన రోహిణి. ఫిబ్రవరి 5న రాత్రి 8కి అది చెన్నైలో దాదాపు నడినెత్తిన ఉంటుంది. మే 2న అదే వేళకు పడమట, నేలకు 5 డిగ్రీల ఎత్తులో అస్తమించబోతూ ఉంటుంది. పాపం మౌంటు మీరు చెప్పిన తేదీకి రోహిణి ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడికే తీసుకెళ్లింది. అక్కడ ట్యాంకు ఉండటం దాని తప్పు కాదు. మర్నాడు 06/02 కొట్టి ఉంటారు. దానికది జూన్ 2. జూన్ 2న ఆ వేళకు రోహిణి అస్తమించి ఎంతోసేపు అయి ఉంటుంది, అందుకే జాబితాలోంచి తీసేసింది. ఆ రాత్రి మీకు చిత్త, స్వాతి చూపించి ఉంటుందని పందెం కాస్తాను.

ఫోటోలో ఇంకో రెండు తప్పులున్నాయి. టైమ్ జోన్ +05:00 అని ఉంది. మనది +05:30. అరగంట తేడా అంటే ఏడున్నర డిగ్రీలు, పదిహేను పౌర్ణమి చందమామలు పక్కపక్కన పేర్చినంత. రెండోది, రేఖాంశం అడిగిన చోట 13, అక్షాంశం అడిగిన చోట 80 కొట్టారు. చాలా హ్యాండ్‌సెట్లు రేఖాంశమే ముందు అడుగుతాయి. చెన్నైకి రేఖాంశం 80 డిగ్రీల 16 నిమిషాలు తూర్పు, అక్షాంశం 13 డిగ్రీల 5 నిమిషాలు ఉత్తరం. మీరిచ్చింది ఉత్తర ధ్రువానికి పది డిగ్రీల దూరంలోని మంచుసముద్రం. ట్యాంకు దగ్గరైనా ఆగిందంటే మీ అదృష్టం, లేదా ఈ అంకెలు ఆ రాత్రి తర్వాత మార్చినవై ఉండాలి. డే లైట్ సేవింగ్ అని అడిగితే ‘నో’ కొట్టండి. విల్లివాక్కమా, పెరంబూరా అన్న తేడా లెక్కలోకి రాదు, నగరానికంతా ఒకే అంకె చాలు.

ఇక ఇనుము సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే. అంబత్తూరు ఎస్టేట్‌లో టూల్‌రూమ్ ఫిట్టర్‌గా బతికినవాణ్ణి, ఎలక్ట్రానిక్స్ కంటే గేర్ల మీదే నాకు నమ్మకం.

మౌంటు బిగించడం గురించి ఇంటర్నెట్‌లో వీడియోలు చేసేవాళ్లు చాలామంది 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉంటారు. లండన్ 51న్నర డిగ్రీలు. అక్కడ ధ్రువ నక్షత్రం సగం ఆకాశం పైన ఉంటుంది, మౌంటు తల ఎత్తి నిలబడుతుంది. మనకు ధ్రువం 13 డిగ్రీల ఎత్తే. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, దానిమీద రెండు వేళ్లు పెట్టండి, అంతే. అందుకే మన దగ్గర మౌంటు ఇరుసు దాదాపు పడుకుని ఉంటుంది. ఇది అవమానమేమీ కాదు. జవ్వాది కొండల్లో కావలూరులో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపు కూడా ఈక్వటోరియల్ మౌంటు మీదే ఉంది, దాని ఇరుసూ పన్నెండున్నర డిగ్రీలకే వాలి ఉంటుంది. దానికి పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పెరిగింది హైదరాబాదులో. వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

ఇరుసు పడుకున్నప్పుడు కౌంటర్‌వెయిట్ కడ్డీ నిట్టనిలువుగా కిందికి దిగి, ఉత్తరం వైపు కాలికి కొట్టుకుంటుంది. మీది ఇదే జబ్బు. స్టాండు తలమీద మౌంటును అటూఇటూ జరిపే చిన్న పెగ్గు ఉంటుంది. అది విప్పి వేరే రంధ్రంలో పెట్టే వీలుంటే, ఒక కాలు దక్షిణానికి, రెండు కాళ్లు ఉత్తరానికి వచ్చేలా మార్చండి. కడ్డీ రెండు కాళ్ల సందులో ఊగుతుంది. వీలు లేకపోతే ఇంకో బరువు కొని రెండింటినీ కడ్డీ పైభాగంలోనే ఉంచండి. కొందరు మౌంటుకూ స్టాండుకూ మధ్య పొడుగు గొట్టం బిగిస్తారు. అదీ మంచిదే గానీ ఖర్చు.

ఎత్తు మార్చే బోల్టులు రెండుంటాయి, ముందొకటి వెనకొకటి. ఒకటి వదులు చేశాకే రెండోది బిగించాలి. రెండూ ఎదురెదురుగా నొక్కి బిగిస్తే బోల్టు వంగుతుంది. తిప్పేటప్పుడు ఇంకో చేత్తో మౌంటు తలను కాస్త పైకి ఎత్తిపట్టండి, మరమీద బరువు తగ్గుతుంది. కొన్ని మౌంట్లు 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. మీదీ అలాంటిదైతే దక్షిణం కాలిని కాస్త పొడుగు చేయండి, మొత్తం స్టాండే ఉత్తరానికి వాలుతుంది. స్పిరిట్ లెవెల్ బుడగ మధ్యలో లేదని బెంగ వద్దు. ఇరుసు ధ్రువం వైపు చూస్తే చాలు.

తూకం సంగతి ఒక్క వీడియోలోనూ సరిగ్గా చూపించలేదు. కడ్డీని నేలకు సమాంతరంగా ఉంచి, ఒక చెయ్యి గొట్టం కిందే ఉంచి, ఆర్‌ఏ (ధ్రువం వైపు చూసే ఇరుసు) క్లచ్ వదలండి. ఏ పక్కకు దిగుతుందో చూసి బరువు జరపండి. ఆ తర్వాత డెక్, అంటే దానికి అడ్డంగా ఉండే రెండో ఇరుసు. ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం), ఫైండరు (గురి చూసే చిన్న టెలిస్కోపు) అన్నీ బిగించాకే ఈ పని. పూర్తిగా సమానమయ్యాక, తూర్పు పక్క చిటికెడు బరువు ఎక్కువ ఉండేలా చేయండి. ఎందుకంటారా? వర్మ్ గేరుకూ (మరలాంటి గేరు) పళ్ల చక్రానికీ మధ్య వెంట్రుకంత ‘ప్లే’ ఉంటుంది. బరువు ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే పన్ను పన్నును వదలదు. సరిసమానంగా ఉంటే గాలి వచ్చినప్పుడల్లా అటూఇటూ కొట్టుకుంటుంది.

లేతు మీద డయల్ తిప్పేటప్పుడు గీత దాటిపోతే ఏం చేస్తాం? కాస్త వెనక్కి జరిపి ఊరుకోం. పూర్తిగా వెనక్కి తెచ్చి, మళ్లీ మొదటి పక్క నుంచే గీత దగ్గరకు వస్తాం. టెలిస్కోపు కూడా అంతే. ఎలైన్‌మెంట్‌లో నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు చివరి కదలిక ఎప్పుడూ ‘అప్’, ‘రైట్’ మీటలతోనే ముగించండి. దాటిపోతే వెనక్కి పోయి మళ్లీ రండి. హ్యాండ్‌సెట్ పుస్తకంలో ఈ మాట ఏ మూలో ఉంటుంది, ఎవరూ చదవరు. నేనూ మొదటి ఏడాది చదవలేదు.

ధ్రువ నక్షత్రం కనిపించకపోతే కొంప మునగదు. ఫోన్‌లో దిక్సూచి ఉందని దాన్ని మౌంటు మీద పెట్టకండి. మౌంటులో ఇనుము, స్లాబులో కడ్డీలు, అది ఎటైనా చూపిస్తుంది. నేను గోడకున్న మేకుకు తాపీమేస్త్రీ గుండుదారం వేలాడదీసి, నీడ చూసి గీత గీశాను. మన గడియారం 82న్నర డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, చెన్నై దానికి పడమట ఉంది, కాబట్టి ఇక్కడ అసలు మధ్యాహ్నం సగటున 12:09కి. ఏడాది పొడుగునా అది అలాగే ఉండదు, ఫిబ్రవరి రెండో వారంలో 12:23, నవంబరు మొదట్లో 11:53. డిసెంబరు 25 ప్రాంతంలో సరిగ్గా 12:09. ఆ నిమిషంలో దారం నీడ పడే గీతే ఉత్తర దక్షిణాలు. డిసెంబరు, జనవరి నెలల్లోనే ఈ పని పెట్టుకోండి. ఎండాకాలం దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు నెత్తిమీదికి వస్తాడు, నీడ పొట్టిదై గబగబా తిరుగుతుంది. మార్చి మూడో వారంలో ఒక్క నిమిషం ఆలస్యమైతే గీత డిగ్రీ పైనే పక్కకు పోతుంది. మా మేడ మీద ఆ గీతకు ఎర్ర పెయింటు వేశాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అది వాస్తు గీత అనుకుని ఏడాదిపాటు ఎవర్నీ తొక్కనివ్వలేదు.

గీత మీద స్టాండు పెట్టి, ఎత్తు స్కేలును 13 దగ్గర ఉంచి, రెండు నక్షత్రాలతో ఎలైన్ చేయండి. ఆ తర్వాత మెనూలో పోలార్ ఎలైన్‌మెంట్ అన్నది వెతకండి. ధ్రువ నక్షత్రం అక్కర్లేకుండానే, ఏదో ఒక నక్షత్రాన్ని చూపించి, బోల్టులతో దాన్ని మధ్యకు తెమ్మంటుంది. అప్పుడు మీటలు ముట్టుకోకూడదు, బోల్టులే తిప్పాలి. ఇదొక్కటి మరిచిపోయి రాత్రంతా వృథా చేసినవాళ్లను చూశాను. కంటితో చూడటానికి ఇంతవరకు చాలు.

ఫోటోలు తీయాలనే పిచ్చి పట్టాక డ్రిఫ్టు పద్ధతికి రండి, అంటే చుక్క ఎటు జారుతుందో చూసి ఇరుసు సరిచేయడం. మా అమ్మమ్మ గొల్లకావడి అనేది ఒరాయన్ (వేటగాడు) నడుములోని మూడు చుక్కల వరసను. అందులో పైది ఖగోళ మధ్యరేఖను (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దాదాపు ఆనుకునే ఉంటుంది. అది నడిమింటికి వచ్చినప్పుడు ఎక్కువ పవర్ ఐపీసులో మధ్యన పెట్టి, మోటారు నడుస్తుండగా అయిదు నిమిషాలు చూడండి. దక్షిణానికి జారితే మీ ఇరుసు తూర్పుకు తప్పింది, ఉత్తరానికి జారితే పడమటికి తప్పింది. ఆ తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న నక్షత్రం చూడండి. దక్షిణానికి జారితే ఇరుసు కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి ఉంది. ఐపీసులో అన్నీ తలకిందులు కదా, దక్షిణం ఏదని అడుగుతారు. గొట్టాన్ని వేలితో ధ్రువం వైపు నెమ్మదిగా నొక్కండి, చుక్క ఎటు జరిగితే అది దక్షిణం.

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. మా అబ్బాయి గురుగ్రహం చూపిస్తానంటాడు, నేను కళ్లు పెట్టేసరికి అది గంతులేస్తుంటుంది. మేడ మీద పెట్టకూడదా? – ఒక గృహిణి, టి.నగర్

జవాబు: గంతులేసేది గురుడు కాదమ్మా, మీ మేడ. స్లాబు మధ్యలో స్టాండు పెడితే మీరు నడిచినా అదురుతుంది. రెండు వందల రెట్లు పెంచి చూస్తున్నప్పుడు అదురు కూడా రెండు వందల రెట్లు పెరుగుతుంది. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోట, వీలైతే మేడ మూలన పెట్టించండి. కాళ్లు పూర్తిగా లాగకుండా పొట్టిగానే ఉంచి, మీరు కుర్చీలో కూర్చుని చూడండి. మా వదిన ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చినప్పుడల్లా నేను ఐపీసు నుంచి తల తీసేస్తాను, అదొక ఒప్పందం.

మీకు దగ్గర్లోనే, నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణలో, పాత మద్రాసు అబ్జర్వేటరీ నల్లరాతి స్తంభం ఉంది. 1792 నాటిది, బరువు పది టన్నులు. పరికరం అదరకూడదనే అంత రాయి నిలబెట్టారు. దానిమీద చెక్కిన అక్షరాల్లో మన తెలుగు కూడా ఉంది. ఆ అబ్జర్వేటరీలో దాని అధిపతి టేలర్ దొర దగ్గర నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు గారే 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత అబ్జర్వేటరీ కట్టించుకున్నారు. మీకు పది టన్నులు అక్కర్లేదు. స్టాండు మధ్యలో ఒక బకెట్ నీళ్లు వేలాడదీయండి, నేలకు తగలకుండా, గాలికి ఊగకుండా.

ప్రశ్న: మాది తిరువొత్తియూరు, సముద్రం పక్కనే. గంట గడిచేసరికి అద్దం మీద ఆవిరి. తుడిస్తే మరకలు. కౌంటర్‌వెయిట్ కడ్డీకి తుప్పు పట్టింది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: మొదట, తుడవడం మానేయండి. ఉప్పు, దుమ్ము కలిసిన తడిని గుడ్డతో రుద్దితే అద్దం మీది పూతను గరుకు కాగితంతో గీకినట్టే. ముందు గాజున్న టెలిస్కోపయితే, ఆ గాజు ఆకాశానికి వేడి వదిలేసి చుట్టూ గాలికంటే చల్లబడుతుంది, మన గాలిలో తడికి కొదవ లేదు, వచ్చి కూర్చుంటుంది. పాత యోగా మ్యాట్ చుట్టి గొట్టం ముందు తొడగండి. గాజు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడుగు ఉండాలి. ఇది సగం జబ్బు నయం చేస్తుంది. మిగతా సగానికి హెయిర్ డ్రయ్యర్, తక్కువ వేడిలో, దూరం నుంచి.

పని అయ్యాక తడి గాజుకు మూత పెట్టేయకండి. ఇంట్లో ఫ్యాను కింద కాస్త వంచి ఆరబెట్టి, అప్పుడు మూత. కడ్డీకి మెషీన్ ఆయిల్ తడిపిన గుడ్డతో ప్రతిసారీ ఒక చుట్టు తుడవండి. తుప్పు వదిలించే స్ప్రేలు గేర్ల దగ్గర కొట్టొద్దు, లోపలి గ్రీజును కరిగించి కార్చేస్తాయి.

కరెంటు మాట కూడా ఇక్కడే చెప్తాను. చాలా మౌంట్లకు 12 వోల్టులు కావాలి, పిన్ను మధ్యలో ప్లస్ ఉండాలి. బ్యాటరీ దిగిపోతే మౌంటు ఆగిపోదు, పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. ఓసారి నేను వైరు సరిగ్గా కట్టకుండా టీ తాగడానికి కిందికి దిగాను. మౌంటు తిరుగుతూ వైరును కడ్డీకి జడలా చుట్టుకుని, బ్యాటరీని గోడ మీంచి లాగి కింద పడేసింది. నేను పైకి వచ్చేసరికి గొట్టం నేలచూపు చూస్తోంది, హ్యాండ్‌సెట్ మీద లైటు లేదు. అప్పటి నుంచి వైరుకు ఒక మూర అదనంగా వదిలి, మౌంటుకు వెల్‌క్రో పట్టీతో కట్టి, మొదటిసారి తిరిగేటప్పుడు పక్కనే నిలబడతాను.

ప్రశ్న: తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. నాన్నమ్మకు నక్షత్రాలన్నీ తెలుసు, కానీ హ్యాండ్‌సెట్‌లో ఉన్న పేర్లు తనకు తెలియవు. నాకు రెండూ కలపడం రావడం లేదు. సూర్యుణ్ణి కూడా దీంతో చూడొచ్చా? – ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: ముందు రెండోదానికి. గొట్టం ముందు మూతలా బిగించే సోలార్ ఫిల్టరు లేకుండా, పెద్దవాళ్లు పక్కన లేకుండా, వద్దు తల్లీ. ఐపీసుకు తగిలించే చిన్న నల్ల గాజులు అసలే వద్దు, వేడికి పగులుతాయి. ఫైండరుకు కూడా మూత ఉండాలి.

ఇప్పుడు పేర్లు. ఆల్డెబరన్ రోహిణి. బీటెల్‌జూస్ ఆర్ద్ర. రెగులస్ మఖ, స్పైకా చిత్త, ఆర్క్‌టూరస్ స్వాతి, అంటారెస్ జ్యేష్ఠ. కాస్టర్, పోలక్స్ అన్నదమ్ములు మన పునర్వసు. వేగా అభిజిత్తు, కపెల్లా బ్రహ్మహృదయం. కనోపస్ మన అగస్త్యుడు. అది లండన్ వాళ్లకు ఎప్పుడూ కనిపించదు, తాంబరంలో నీకు దక్షిణాన 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రి 8 గంటలకు మేడ మీద దక్షిణం వైపు చూడు, అంతకంటే మెరిసే నక్షత్రం పైన ఇంకొకటే, అది సిరియస్, మన లుబ్ధకుడు.

ఒక పని చెయ్యి. హ్యాండ్‌సెట్ పేరు చూపించగానే బయటికి చదువు, నాన్నమ్మను వేలు పెట్టి చూపించమను. ఆవిడ వేలూ టెలిస్కోపూ ఒకే వైపు తిరిగితేనే ఓకే నొక్కు. తేడా వస్తే ముందు తేదీ చూసుకో. నెల ముందు, రోజు తర్వాత.